పళ్ళ మీద పవర్ చైన్: వేసిన రోజు నుంచి సందు మూసుకునేదాకా

చిత్తూరు బస్సు తిరుపతి ఊరు దాటకముందే మా అమ్మాయి ఫోన్ కెమెరా తెరిచి, పై పెదవి వేలితో ఎత్తి పట్టుకుని, కోరపన్ను వెనకున్న సందు చూసుకోవడం మొదలుపెట్టింది. సందు మూసేందుకు క్లిప్పుల మీద సాగే రబ్బరు చైన్ వేసింది ఆ రోజే. "ఇంత గట్టిగా లాగి కట్టారు కదమ్మా, దసరాకంతా మూసుకుపోతుందా?" అంది. పోతుందనే నేనూ అనుకున్నాను. దసరా పోయింది, సంక్రాంతి పోయింది, ఉగాదికి మూసుకుంది. మొత్తం 8 నెలలు.

ఆ 8 నెలల్లో డాక్టరమ్మను విసిగించి తెలుసుకున్నవీ, మేము చేసిన తప్పులూ కలిపి రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. మీ నోటికి ఏది సరిపోతుందో మీ ఆర్థోడాంటిస్టే, అంటే క్లిప్పులు వేసే పళ్ళ డాక్టరే, చెప్పాలి. కాకపోతే ఆ కుర్చీలో కూర్చునేది నెలకు ఒక పావుగంట. మిగతా రోజులన్నీ ఆ చైన్ మనింట్లోనే, మన అన్నం, మన బ్రష్, మన బద్ధకం మధ్యనే ఉంటుంది.

ముందు ఏ రబ్బరు ఏదో తెలుసుకోండి

క్లిప్పుల వైద్యంలో సాగేవి నాలుగు రకాలు. నాలుగింటినీ మనం రబ్బరు అనే అంటాం. క్లినిక్‌కి ఫోన్ చేసి "మేడమ్, రబ్బరు ఊడింది" అంటే వాళ్ళకు ఏమీ అర్థం కాదు.

దవడ పళ్ళకు లోహపు పట్టీ తొడిగే ముందు, చోటు కోసం పళ్ళ మధ్య కొన్ని రోజులు ఇరికించి పెట్టేవి సెపరేటర్లు. పంటికి అతికించిన ప్రతి చిన్న క్లిప్పు (బ్రాకెట్) చుట్టూ ఉండి తీగను జారిపోకుండా పట్టుకునేవి చిన్న రింగులు, పిల్లలు ముచ్చటపడి రంగులు ఎంచుకునేవి. పై దవడ కొక్కేనికీ కింది దవడ కొక్కేనికీ మనమే తగిలించుకుని, మనమే మార్చుకునేవి ఎలాస్టిక్స్.

నాలుగోది చైన్. చిన్న చిన్న రింగులు ఒకదానికొకటి అతుక్కుని, రిబ్బన్ చుట్టలా వస్తుంది. పాలీయురేతేన్ అనే సాగే పదార్థంతో చేస్తారు. 1960ల నుంచి దంత వైద్యంలో వాడుతున్నారు. రింగులు పూర్తిగా ఆనుకుని ఉన్నవి, మధ్యలో కొద్దిగా ఎడం ఉన్నవి, ఎక్కువ ఎడం ఉన్నవి అని మూడు రకాలు. పళ్ళ మధ్య దూరాన్ని, కావలసిన లాగుడును బట్టి డాక్టర్ ఎంచుకుంటారు. దీన్ని మనం తీయడం, వేసుకోవడం ఉండదు.

చైన్ లాగితే పన్ను ఎలా కదులుతుంది

ఇది ఒక్కటి అర్థమైతే మిగతా జాగ్రత్తలు ఎవరూ చెప్పకుండానే తెలుస్తాయి. అందుకని కాస్త ఓపిగ్గా చదవండి.

పన్ను ఎముకలో సిమెంటు పోసి పాతిన రాయిలా ఉండదు. వేరుకీ ఎముకకీ మధ్య మిల్లీమీటరులో నాలుగో వంతు కూడా ఉండీ లేనట్టు ఒక నార పొర ఉంటుంది. చైన్ పన్నును వెనక్కి లాగితే వెనక వైపు ఆ పొర నలుగుతుంది, ముందు వైపు సాగుతుంది. నలిగిన వైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి. సాగిన వైపు కొత్త ఎముకను కట్టే కణాలు చేరతాయి. ఒక పక్క గోడ కొట్టుకుంటూ, రెండో పక్క గోడ కట్టుకుంటూ గదిని మొత్తంగా జరిపినట్టు. ఆ పని చేసేది ఒంటి కణాలే, చైన్ కాదు. చైన్ వాటికి పని పురమాయిస్తుందంతే.

మరి గట్టిగా లాగితే త్వరగా అవదా? అవదు, పైగా ఆగిపోతుంది. పొర మరీ నలిగితే ఆ చోటికి నెత్తురు అందదు. నెత్తురు లేని చోటికి కణాలు రావు. దూరం నుంచి, ఎముక లోపలి వైపు నుంచి తవ్వుకుంటూ రావాలి. అది అయ్యేదాకా పన్ను కదలదు, నొప్పి మాత్రం ఉంటుంది. వేరు కొన అరిగే ప్రమాదం కూడా పెరుగుతుంది. కోరపన్నును వెనక్కి జరపడానికి సాధారణంగా 100 నుంచి 200 గ్రాముల లాగుడు చాలు. పావు లీటరు పాల ప్యాకెట్ ఇంతకన్నా బరువుంటుంది. "ఇంకొంచెం టైట్ చేయండి మేడమ్, త్వరగా అయిపోతుంది" అనేవాళ్ళను వెయిటింగ్ హాల్లో చాలామందిని చూశాను. మొదట్లో నేనూ అన్నాను. అనకండి.

రెండో సంగతి, చైన్ బలం తగ్గడం. పావడాలోని ఎలాస్టిక్ నాలుగు ఉతుకులకు వదులైనట్టు, ఇదీ వదులవుతుంది, కాకపోతే ఇంకా తొందరగా. నోటి వేడికీ ఉమ్మి తడికీ మొదటి 24 గంటల్లోనే సగం బలం, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పోతుంది. ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ నాలుగు వారాలకు మూడో వంతు అటూ ఇటూగా మిగులుతుంది. డాక్టర్లకు ఇది తెలుసు కాబట్టి మొదటే లెక్క వేసి కాస్త ఎక్కువ సాగదీసి వేస్తారు. కొందరు వేసే ముందే ఒకసారి చేత్తో సాగదీస్తారు. 4 నుంచి 6 వారాలకు మార్చాలనడం వెనక ఉన్నది ఇదే. రెండు నెలల పాత చైన్ పంటి మీద ఉన్నా లేనట్టే.

మూడోది, వేగం. అన్నీ బాగుంటే నెలకు సుమారు 1 మిల్లీమీటరు. ఎత్తు పళ్ళకు చిన్న దవడ పళ్ళు నాలుగు తీయించినవాళ్ళకు ఒక్కో చోట దాదాపు 7 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఇక లెక్క మీరే వేసుకోవచ్చు. ముందు పళ్ళ మధ్య 2 మిల్లీమీటర్ల సందు ఉన్నవాళ్ళది వేరే కథ, వాళ్ళది త్వరగా తేలిపోతుంది. పెద్దవాళ్ళలో కదలిక మొదలవడానికి పిల్లలకన్నా కొంచెం ఆలస్యం కావచ్చు.

ఇంకొకటి. చైన్ ఒక్క పన్నునే లాగదు, రెండు చివరల్నీ లాగుతుంది. తాడు లాగే పోటీలో బక్క పలచటివాణ్ణి ఒక వైపూ, ముగ్గురు బలమైనవాళ్ళను ఇంకో వైపూ నిలబెట్టినట్టు, కోరపన్నుకు ఎదురుగా రెండు మూడు వేర్లున్న దవడ పళ్ళను జత కట్టి నిలబెడతారు. అయినా అవీ కొద్దిగా ముందుకు వస్తాయి. అసలు రాకూడదనుకుంటే ఎముకలో చిన్న స్క్రూ వేసి దానికి కడతారు. "స్క్రూ" అనగానే మా అత్తగారికి చెమటలు పట్టాయి. మాకు దాని అవసరం రాలేదు.

చైన్ వేయడానికి ముందు

క్లిప్పులు పెట్టిన రోజే చైన్ రాదు. పళ్ళు వంకరగా ఉండగా లాగితే ఒకదానికొకటి అడ్డం పడతాయి. ముందు సన్నటి నికెల్ టైటానియం తీగలతో వరుసలోకి తెస్తారు. దానికే కొన్ని నెలలు. ఆ తర్వాత మందమైన స్టీలు తీగ వేసి, దాని మీద చైన్ నడిపిస్తారు. సన్నటి తీగ మీద లాగితే తీగే వంగిపోయి, పన్ను సందులోకి ఒరుగుతుంది. అప్పుడు పైకి సందు మూసుకున్నట్టు కనిపిస్తుంది, వేరు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి పక్కింటి పిల్లకు మూడో నెలలో వేశారు, మనకు ఇంకా వేయలేదని కంగారు పడొద్దు.

ఈలోపు మీరు చేయాల్సింది చిగుళ్ళు చూపించుకోవడం, గార తీయించడం, పుచ్చు ఉంటే నింపించడం. వాచి నెత్తురు కారే చిగుళ్ళ మీద పన్నును జరపడం మంచిది కాదు. సుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఆ మాట డాక్టర్‌కి తప్పక చెప్పాలి.

చైన్ వేసే రోజు ఇవి అడిగి రాసుకోండి: ఏ పన్ను ఏ వైపు కదలాలి, ఎన్నో తేదీకి మళ్ళీ రావాలి, తెగితే ఆగవచ్చా లేక వెంటనే రావాలా, ఏ నొప్పి మాత్ర వేసుకోవచ్చు. తేదీ ఖాయం చేసుకునేటప్పుడు క్యాలెండర్ చూసుకోండి. తిరుపతిలో బ్రహ్మోత్సవాల వారం, గరుడసేవ రోజు పెట్టుకుంటే చిత్తూరు నుంచి 70 కిలోమీటర్లు వెళ్ళడం ఒక ఎత్తు, బస్టాండు నుంచి క్లినిక్ చేరడం ఇంకో ఎత్తు.

కుర్చీలో ఏం చేస్తారు

పాత రింగులు కొక్కెం మొన ఉన్న పరికరంతో లాగేస్తారు, చిటుక్కు చిటుక్కుమంటూ వస్తాయి. చైన్ చుట్టలోంచి కావలసినన్ని రింగులు లెక్కపెట్టి కత్తిరిస్తారు. వెనక దవడ పన్ను కొక్కేనికి మొదటి రింగు తగిలించి, పటకారుతో రెండో చివర పట్టుకుని సాగదీస్తారు. చైన్ సన్నబడుతుంది, గుండ్రటి రింగులు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి. ఒక్క క్షణం డాక్టర్ మణికట్టు వణుకుతుంది, రింగు బ్రాకెట్ రెక్కల కిందకి జారి కూర్చుంటుంది. అంతే. నొప్పి ఉండదు, ఎవరో పన్నును రెండు వేళ్ళతో పట్టుకున్నట్టు ఉంటుంది.

లేచే ముందు అద్దం అడగండి. చైన్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూసి ఫోటో తీసుకోండి. రేపు తెగిందో లేదో పోల్చుకోవడానికి ఆ ఫోటోయే ఆధారం. చివర్లలో ఏదైనా గుచ్చుకుంటుందేమో నాలుకతో తడిమి, అక్కడే చెప్పండి.

రంగు అడుగుతారు. కనపడకుండా ఉంటుందని తెల్లది, పారదర్శకంగా ఉన్నది ఎంచుకోవద్దు. మా అమ్మాయి అదే ఎంచుకుంది. మర్నాడు మధ్యాహ్నం సాంబారన్నం తిని నవ్వితే చైన్ మొత్తం పసుపు కొమ్ములా ఉంది! పసుపులోని రంగు ఈ పదార్థంలోకి ఇంకిపోతుంది, బ్రష్ చేసినా వదలదు. పనితనానికి దానివల్ల నష్టం లేదు గానీ, నాలుగు వారాలు కాలేజీకి అలాగే వెళ్ళాలి. మనింటి వంటకు బూడిద రంగు, ముదురు నీలం మేలు.

మొదటి వారం

సాయంత్రానికి సలుపు మొదలవుతుంది, మర్నాడు ఎక్కువగా ఉంటుంది, మూడు నాలుగు రోజులకు తగ్గుతుంది. సాధారణంగా వారం దాటదు. పన్ను కాస్త ఊగినట్టు అనిపించడం మామూలే, కదలాలనే కదా మన తాపత్రయం. నొప్పికి పారాసిటమాల్ చాలామందికి సరిపోతుంది. ఐబుప్రొఫెన్ లాంటి వాపు తగ్గించే మాత్రలు రోజుల తరబడి వాడితే పన్ను కదలిక నెమ్మదించవచ్చని డాక్టర్లు వాటిని అంతగా ఇష్టపడరు. ఏది, ఎంత మోతాదు అన్నది అడిగే వేసుకోండి. బుగ్గ లోపల ఒరుసుకుంటే ఆ చోట బ్రాకెట్‌ను గుడ్డతో తుడిచి, ఆర్థో వ్యాక్స్ (క్లిప్పుల మీద అద్దే మెత్తటి మైనం) బఠాణీ గింజంత చేసి అద్దండి. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలిస్తే హాయి.

తిండి విషయంలో మన సీమవాళ్ళు అదృష్టవంతులు. సంగటిని మనం ఎలాగూ నమలం, పులుసులో ముంచి మింగుతాం. మొదటి రెండు రోజులు పూర్తిగా దాని మీదే గడిచిపోయింది. ఊరిబిండి పచ్చడిలో పల్లీ పలుకులు తగలకుండా మెత్తగా నూరితే చాలు. పెరుగన్నం, ఇడ్లీ, ఉప్మా సరేసరి.

తర్వాత నొప్పి పోయాక అసలు పరీక్ష. చెరుకు గడ పళ్ళతో చీల్చడం, మురుకులు, చెక్కలు, పల్లీ పట్టీ, చికెన్ ఎముక కొరకడం, తోతాపురి కాయ ముక్క ఉప్పూకారం అద్దుకుని ముందు పళ్ళతో కొరకడం, ఇవన్నీ వైద్యం అయ్యేదాకా బంద్. మామిడి కాయ తప్పదంటే సన్నగా తరిగి వెనక పళ్ళతో నమలనివ్వండి. తిరుమల వడ గురించి వేరే చెప్పాలా, మామూలు పళ్ళకే అది గట్టి. లడ్డూ మెత్తనే కదా అని ఇచ్చాను. అందులో కలకండ పలుకు పంటి కింద పడి కటుక్కుమంది, కింది బ్రాకెట్ ఊడి చేతిలోకి వచ్చింది. ఇప్పుడు ప్రసాదం ముందు నేను చిదిమి, కలకండ ఏరి ఇస్తున్నాను.

రాత్రి బ్రష్

విడి రింగుల మధ్య నీళ్ళు పారే దారి ఉంటుంది. చైన్ వేశాక ఆ దారి మీద వంతెన కట్టినట్టే. దాని కింద అన్నం మెతుకు, కరివేపాకు ముక్క చేరి కూర్చుంటాయి. రోజూ రాత్రి ఐదు నిమిషాలు దీనికి పోవాల్సిందే.

ముందు నోట్లో నీళ్ళు పోసుకుని గట్టిగా పుక్కిలించాలి, సగం అక్కడే వచ్చేస్తుంది. తర్వాత మెత్తటి బ్రష్‌ను చిగురు వైపు ఏటవాలుగా పెట్టి బ్రాకెట్ పై అంచు, అలాగే కింది నుంచి పైకి వంచి కింది అంచు. ఆ తర్వాత సీసా కడిగే బ్రష్ ఆకారంలో ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్‌ను తీగ కిందకు నిలువుగా దూర్చి మెల్లగా ఆడించాలి. చైన్‌ను అడ్డంగా లాగకూడదు. ఫ్లోరైడ్ ఉన్న పేస్టే వాడండి. పిన్నీసు, అగ్గిపుల్ల ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

ఇది మానేస్తే క్లిప్పులు తీసిన రోజు తెలుస్తుంది. బ్రాకెట్ ఉన్నంత మేర పన్ను మామూలుగా, చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి మచ్చలు. అవి పుచ్చుకు మొదటి మెట్టు. చిగురు వాచి సందులోకి ముద్దగా పొంగితే సందు మూసుకోవడానికీ అదే అడ్డం.

సందు తగ్గుతోందా అని చూడటం

రోజూ చూస్తే ఏమీ కనపడదు, టెన్షన్ తప్ప. చైన్ మార్చిన రోజు సాయంత్రం, ఒకే కిటికీ దగ్గర, ఒకే దూరం నుంచి ముందు, కుడి, ఎడమ మూడు ఫోటోలు తీయండి. నెలకోసారి పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఈ మధ్యలో భయపెట్టేవి మూడు వస్తాయి. కోరపన్ను వెనక్కి వెళ్ళే కొద్దీ దాని ముందు, ఇంతకు ముందు లేని చోట కొత్త సందు పుడుతుంది. "ఒకటి మూయమంటే ఇంకోటి తెరిచారు" అని మా అత్తగారు గొడవ. అది పక్కదారి కాదు, కోరపన్ను చేరాక ముందు పళ్ళను అందులోకి తెస్తారు. కుడి ఎడమలు సమానంగా నడవకపోవడం రెండోది, అదీ మామూలే. మూడోది వెనక చివర. సందు తగ్గే కొద్దీ తీగ చివర దవడ పన్ను వెనక బయటికి పొడుచుకొచ్చి బుగ్గకు గుచ్చుకుంటుంది. వ్యాక్స్ పెట్టి ఫోన్ చేయండి, వెళ్తే నిమిషంలో కత్తిరించేస్తారు.

చైన్ తెగితే

మా ఘనకార్యం ఇక్కడ చెప్పాలి. పూతలపట్టు దగ్గర ఒక పెళ్ళిలో మా అమ్మాయి చైన్ తెగింది. పరీక్షలు దగ్గరున్నాయి, చెబితే తిడతానని దాచింది. నేనూ రద్దీ చూసి అపాయింట్‌మెంట్ వాయిదా వేశాను. ఏడో వారం వెళ్ళాం.

డాక్టరమ్మ చూసి, "ఎప్పుడు తెగింది నాన్నా?" అంది.

"మొన్న మేడమ్."

"మొన్న తెగితే పన్ను ఇంత పక్కకు తిరగదు కదా తల్లీ."

మా అమ్మాయి నా వైపు చూసింది, నేను గోడ మీది బొమ్మ వైపు చూశాను. తెగని భాగం ఒక్కటే ఒక పక్క నుంచి లాగడంతో పన్ను కొద్దిగా తిరిగింది. దాన్ని సరిచేయడానికి మళ్ళీ సన్న తీగకు వెళ్ళి, ఒకటిన్నర నెల వెనక్కి పోయాం.

తెగితే అదే రోజు ఫోటో తీసి క్లినిక్‌కి పంపండి. వేలాడే ముక్కను పీకొద్దు, పీకితే మిగిలినది కూడా ఊడుతుంది. మింగేస్తే సాధారణంగా మలంలో పోతుంది. కానీ దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడనట్టున్నా ఆసుపత్రికి పరుగెత్తాలి.

ఇంట్లో రబ్బరు బ్యాండు ఎప్పటికీ వేయొద్దు

క్లిప్పుల ఖర్చు చూసి కొందరు ముందు రెండు పళ్ళ చుట్టూ మామూలు రబ్బరు బ్యాండు వేసుకుంటారు, వీడియోల్లో చూపిస్తున్నారు కూడా. రెండు రోజుల్లో సందు తగ్గినట్టే ఉంటుంది. కానీ పన్ను వేరు కిందికి పోయే కొద్దీ సన్నబడే శంకువు. దాని మీద పట్టు కోసం బ్రాకెట్ లేదు కాబట్టి బ్యాండు జారి చిగురు లోపలికి దూరుతుంది, ఇక కనపడదు. ఊడిపోయిందనుకుంటారు. లోపల అది నార పొరనూ ఎముకనూ తినేస్తూ వేరు కొన వైపు పోతుంది. ఆరోగ్యంగా ఉన్న ముందు పళ్ళు ఊడిపోయిన సందర్భాలు దంత వైద్యంలో ఎప్పటినుంచో తెలిసినవే. ఇప్పటికే వేసుకుని అది కనపడకుండా పోయి ఉంటే, నొప్పి లేకపోయినా రేపే దంత వైద్యుడికి చూపించండి.

మూసుకున్న తర్వాత

సందు మూసుకున్న రోజు క్లిప్పులు తీయరు. పళ్ళ వేర్లు నిటారుగా రావాలి, పై కింది పళ్ళు సరిగ్గా కలవాలి. అందాకా తెరుచుకోకుండా పళ్ళను కలిపి కట్టి ఉంచుతారు. కొత్త ఎముక గట్టిపడటానికి, సాగిన చిగురు నారలు కుదురుకోవడానికి నెలలు పడతాయి. ముందు రెండు పళ్ళ మధ్య సందైతే మళ్ళీ తెరుచుకునే మొండితనం ఎక్కువ. అందుకే వెనక వైపు సన్న తీగ అతికిస్తారు. పై పెదవిని చిగురుకు కలిపే మడత మందంగా ఉంటే దాన్ని కొద్దిగా కత్తిరించాల్సి రావచ్చు.

తర్వాత రిటైనర్, పళ్ళు మళ్ళీ జరగకుండా మనమే పెట్టుకుని తీసుకునే తొడుగు. ఎన్ని గంటలు, ఎన్నేళ్ళు అన్నది డాక్టర్ చెప్పినట్టే. వేడినీళ్ళలో కడిగితే వంకర పోతుంది, చల్లటి నీళ్ళే. పెళ్ళి భోజనాల్లో తీసి విస్తరి అంచున పెట్టుకోనివ్వకండి. వడ్డన హడావిడిలో ఆకు మడిచేస్తారు, తర్వాత కల్యాణ మండపం వెనక ఎంగిలాకుల కుప్పలో మీరూ మీ ఆయనా వెతకాలి. మాకు దొరికింది, మూడో బుట్టలో.